ఇల్లు చిన్నదైనా... పిల్లికి చోటుంది!

మెట్ల కింద వానకు వణుకుతున్న పిల్లిని పిల్లలు ఇంటికి తెచ్చేశారు. పెంచుకుందామని ఒకటే గోల. మీదేమో రెండు గదుల ఫ్లాటు. 'మనకే చోటు లేదు, దీన్నెక్కడ పెడతాం?' అన్నది మీ సందేహం. నిజానికి పిల్లికి కావాల్సింది పెద్ద ఇల్లు కాదు, భయం లేని ఒక మూల. దాంతోపాటు కొన్ని జాగ్రత్తలు పాటిస్తే పిల్లీ కుదురుకుంటుంది, ఇంటిల్లిపాదీ ఆరోగ్యంగా ఉంటారు.

ముందు డాక్టరు దగ్గరికి

ముందుగా పశువైద్యులకు చూపించి నులిపురుగుల మందు పట్టించండి. మూడు నెలలు నిండిన పిల్లికి రేబిస్ టీకా తప్పనిసరి. రేబిస్ అనగానే కుక్కే గుర్తొస్తుంది గానీ పిల్లి కరిచినా, రక్కినా ముప్పే. గాయాన్ని వెంటనే కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం వంటివి పెట్టొద్దు. చిన్న గీతే కదా అని ఊరుకోకుండా అదే రోజు డాక్టరును కలవండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మనిషిని కాపాడటం దాదాపు అసాధ్యం.

ఒక్క గదితో మొదలు

తొలిరోజే ఇల్లంతా తిప్పొద్దు. ఒక గదిలో అట్టపెట్టె, తిండి, నీళ్లు, వాటికి దూరంగా ఇసుక తొట్టె పెట్టండి. మంచం కిందికి దూరితే లాగొద్దు. పక్కనే కూర్చుని పేపరు చదువుకోండి, తనే వస్తుంది. కొన్నిరోజులు పట్టొచ్చు. కానీ ఒక రోజంతా ఏమీ తినకపోతే డాక్టరుకు చూపించాలి. పస్తులుంటే పిల్లుల కాలేయం దెబ్బతింటుంది.

నేల తక్కువైతే గోడలున్నాయి

పిల్లికి ఎత్తు ఇష్టం. బీరువా మీద పాత దుప్పటి, కిటికీ పక్కన చిన్న బల్ల చాలు. కొబ్బరి తాడు చుట్టిన కర్ర పెడితే గోళ్లు దానికే గీరుకుంటుంది, మీ సోఫా బతికిపోతుంది. బాల్కనీకి, కిటికీలకు గట్టి వల బిగించండి. పిల్లి ఎక్కడ పడినా బతుకుతుందనుకోవడం పొరపాటు.

పాలు, పెరుగన్నం చాలవు

ఆవు, గేదె పాలు చాలా పిల్లులకు పడవు, విరేచనాలవుతాయి. మాంసం, చేపల్లో ఉండే టారిన్ అందకపోతే చూపు, గుండె దెబ్బతింటాయి. మాంసం వండని ఇళ్లలో పిల్లుల కోసం తయారైన ఆహారం కొని పెట్టొచ్చు. జ్వరమని పారాసిటమాల్ మాత్రం వేయొద్దు. ఒక్క మాత్రైనా ప్రాణం తీయొచ్చు.

ఇంట్లో గర్భిణి ఉంటే?

పిల్లిని వదిలేయక్కర్లేదు. దాని మలం ద్వారా టాక్సోప్లాస్మా సోకొచ్చన్నది నిజమే. అయితే ఆ సూక్ష్మజీవి ఇతరులకు సోకే స్థితికి రావటానికి ఒక రోజైనా పడుతుంది. కాబట్టి తొట్టెను రోజూ శుభ్రం చేయాలి. ఆ పని ఇంట్లో మరొకరు చూసుకోవాలి. కడగని కూరగాయలు, సరిగా ఉడకని మాంసంతోనూ ఇది సోకుతుందని మరవొద్దు.

ఆపరేషన్ ఆలస్యం చేయొద్దు

ఆడపిల్లి నాలుగైదు నెలలకే చూలు కట్టొచ్చు. ఆలోపే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ గురించి డాక్టరును అడగండి. మగపిల్లికి చేయిస్తే ఇంట్లో మూత్రం చిమ్మటం చాలావరకు తగ్గుతుంది. మగపిల్లి తొట్టెలో పదేపదే ముక్కుతూ, మూత్రం రాక అవస్థ పడుతుంటే గంటలు కూడా ఆగొద్దు. అది ప్రాణాపాయం.

ఇవి పాటిస్తే చాలు. కొన్నాళ్లకు ఇల్లు ఇరుకనిపించదు. కాకపోతే మీ కుర్చీ మాత్రం మీది కాకుండా పోతుంది.