జలుబొచ్చిందని లివర్ మాత్రలు ఆపేస్తే?

ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ సొంత కాలేయాన్నే పరాయిదనుకుని దాడిచేస్తే వచ్చే జబ్బు ఆటోఇమ్యూన్ హెపటైటిస్. మగవాళ్లలోకన్నా ఆడవాళ్లలో ఎక్కువ. దీన్ని అదుపులో ఉంచే ప్రెడ్నిసొలోన్ (ఒక స్టెరాయిడ్), అజాథయోప్రిన్ మాత్రలు ఆ రోగనిరోధక శక్తిని తగ్గించేవే. అందుకే ఫ్లూనో కోవిడో సోకగానే నాలుగు రోజులు మాత్రలు మానేద్దామని చాలామందికి తోస్తుంది. తర్కం బాగానే ఉంది, ఆధారాలే కలిసిరావు. కోవిడ్ తొలి నెలల్లో అంతర్జాతీయ రిజిస్ట్రీలకు చేరిన 70 మంది ఇలాంటి రోగుల వివరాలు 2021లో వెలువడ్డాయి. వారిలో 83 శాతం ఈ తరహా మందుల మీద ఉన్నవాళ్లే. 16 మంది చనిపోయారు, అది తక్కువేమీ కాదు. కానీ మరణంతో ముడిపడినవి వయసు, ముదిరిన సిరోసిస్ (కాలేయం మచ్చలుపడి గట్టిపడటం) తప్ప మందులు కావు. అదే ఏడాది వచ్చిన 110 మంది అధ్యయనంలోనైతే, మందులు కొనసాగించినవారిలో కాలేయం కొత్తగా దెబ్బతినడం తక్కువగా కనిపించింది.

డెబ్బై మందితో ఏం తేలుతుందని అడగొచ్చు, న్యాయమైన ప్రశ్నే. పైగా తర్వాత 254 మందిని పరిశీలించినప్పుడు స్టెరాయిడ్లు, అజాథయోప్రిన్ వాడేవారిలో కోవిడ్ తీవ్రత ఎక్కువగా ఉన్నట్టు తేలింది. దీన్ని కొట్టిపారేయలేం. అయితే అది జ్వరం రాకముందు నుంచీ వాడుతున్న మందుల లెక్క. జ్వరం వచ్చాక ఆపితే మేలని అందులో ఎక్కడా లేదు. కాలేయ జబ్బు ఉద్ధృతంగా ఉన్నవారికే మందులూ ఎక్కువ పడతాయన్నది మరో మెలిక. కాబట్టి స్టెరాయిడ్ మోతాదును వీలైనంత తగ్గించే పని ఆరోగ్యం నిలకడగా ఉన్నప్పుడే డాక్టరుతో మాట్లాడి చేసుకోవాలి. నెలల తరబడి స్టెరాయిడ్ వాడిన శరీరంలో, సహజ స్టెరాయిడ్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథులు మందగించి ఉంటాయి. సరిగ్గా జ్వరం రోజుల్లో మాత్ర ఆగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఇన్‌ఫెక్షన్ తీవ్రమైతే అజాథయోప్రిన్‌ను కొన్నాళ్లు పక్కన పెట్టే సందర్భాలూ ఉంటాయి, కానీ ఆ నిర్ణయం రక్తపరీక్షలు చూసి డాక్టరు తీసుకోవలసినది.

మాత్రలకు భయపడేవాళ్లు కషాయాలకు భయపడకపోవడం విచిత్రం. కోవిడ్ కాలంలో ఇమ్యూనిటీ పెరుగుతుందని తాగిన తిప్పతీగ వల్ల కాలేయం దెబ్బతిన్న 43 మంది వివరాలను దేశంలోని 13 ఆసుపత్రుల వైద్యులు 2022లో ప్రచురించారు. దాగి ఉన్న ఆటోఇమ్యూన్ జబ్బు కొందరిలో దానితో బయటపడింది. తరతరాలుగా వాడుతున్నాం కదా అంటారు. నిజమే, కానీ రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టడమే దాని గుణమైతే ఈ రోగులకు అదే ముప్పు. వీరికి అక్కరకొచ్చేది ఏటా వేయించుకునే ఫ్లూ టీకా. అదీ సూదితో వేసేదే. ముక్కులో చల్లే రకంలో బలహీనపరిచినదైనా బతికున్న వైరస్ ఉంటుంది కనుక ఈ మందులు వాడేవారికి దాన్ని ఇవ్వరు.