మడత సైకిలులో తీగెల దారి

పాలక్యాన్లను మోసికొని తిరిగిన మన పాత నల్ల సైకిలును ఎఱిగినవారికి, దాని హ్యాండిలు క్రిందనుండి చక్రము వఱకు బ్రేకునకై ఇనుపకడ్డీలును, వానిని కలుపు చిన్న చిన్న కీళ్లును బారులు తీరియుండుట జ్ఞాపకముండును. ఆ కడ్డీలు వానకు తడిసినను, బురదలో మునిగినను, ఏండ్ల తరబడి చెక్కుచెదరక పని చేయును. వంగిన కడ్డీని ఊరి సైకిలు షాపులో సుత్తితో సరిచేసి యిత్తురు. కాని ఆ సైకిలును నడుమకు మడవవలెనన్న సంకల్పము కలిగిన మఱుక్షణమే ఆ కడ్డీయే అడ్డము నిలుచును. ఏలయన కడ్డీ తన ఆకారమును మార్చుకొననంతవఱకే బలమును మోయగలదు. దారి ఎట్లు వంకలు తిరిగినను, ఆ వంకలతో నిమిత్తము లేక చేతి బలమును చక్రమునకు చేర్చగల సాధనము లేనిదే మడత సైకిలునకు చక్కని బ్రేకు అమరదు.

అట్టి సాధనమునకు 1896లో ఎర్నెస్ట్ మానింగ్‌టన్ బౌడెన్ అను నాతడు బ్రిటనులో పేటెంటు కోరెను. రాలీ సైకిళ్ల కంపెనీని స్థాపించిన ఫ్రాంక్ బౌడెనే దీనిని కనిపెట్టెనని వ్రాయువారు తఱచు కలరు గాని, వారిరువురును వేర్వేరు వ్యక్తులు.

షాపులలో దానిని బ్రేకు వైరు అందురు. ఆ పేరునుబట్టి పని యంతయు లోపలి వైరుదే యనిపించును. నిజమునకు సగము పని పైనున్న తొడుగుది. వక్కాకు తిత్తి మూతికి దూర్చిన దారమును లాగి చూడుడు: దారము బయటికి వచ్చును, గుడ్డ ముడుతలు పడి కుంచించుకొనిపోవును. నొక్కుడును ఎదిరించు శక్తి గుడ్డకు లేదు. ఆ గుడ్డకు మాఱుగా, కుంచించుకొనని ఉక్కుచుట్ట యున్నదనుకొనుడు. అప్పుడు దారమును ఈ కొనయందు ఎంత లాగుదుమో ఆ కొన అంతయు లోనికి రాక తప్పదు. బౌడెన్ తీగె చేయు పని సరిగా ఇదియే. లోపలి తీగె ఎంత బలముతో లాగబడుచున్నదో, పైతొడుగు అంత బలముతోనే నొక్కబడుచుండును. ఈ రెండును తమలో తామే సరిపోవుటచే, నడుమనున్న చట్రమునకు ఆ లాగుడుతో పనిలేదు, దానిలోని కీళ్లపై ఆ భారము పడదు. తొడుగు పొడవు మారనంతవఱకు, అది పాములా మెలికలు తిరిగినను బ్రేకు సవరణ చెడదు.

ఈ గుణమునకు నేనెఱిగిన పరీక్షలలో కఠినమైనది లండనులో తయారగు బ్రాంప్టన్ సైకిలు. 1970ల నడుమ ఆండ్రూ రిచీ అను ఇంజనీరు దక్షిణ కెన్సింగ్టన్‌లోని తన నివాసమున దీని తొలి నమూనాలను నిర్మించెను. కిటికీలోనుండి కనిపించు బ్రాంప్టన్ ఒరేటరీ అను చర్చి పేరే సైకిలునకు వచ్చినది. 16 అంగుళముల చక్రములు గల ఈ వాహనమును మడచునప్పుడు, వెనుక చక్రమును మోయు త్రికోణము మొదట చట్రము క్రిందికి దొర్లి ఒదుగును. పిమ్మట ముందుభాగమంతయు నడిమి కీలుపై తిరిగి, ముందుచక్రము వెనుకచక్రము ప్రక్కకు వచ్చి చేరును. తుదకు హ్యాండిలు స్తంభము ప్రక్కకు వాలును. ముందు బ్రేకు వైరునకు దాటవలసిన మడత ఆ స్తంభపు కీలు ఒక్కటియే. వెనుక బ్రేకు వైరు మాత్రము ఈ మూడు కీళ్లను దాటిన గాని తన గమ్యము చేరజాలదు.

కీలును దాటుట అనిన నేమో కొలిచి చూతము. కీలు ఇరుసునకు 2 సెం.మీ. ఎడముగా వెలుపలివైపునుండి పోవు తీగె, చట్రము పూర్తిగా మడిగినప్పుడు ఆ ఇరుసు చుట్టు అర్ధవృత్తముగా తిరుగవలసివచ్చును. అనగా దాని దారి 6 సెం.మీ.కు పైగా పెరుగును. తొడుగు సాగదు. కావున కీలునకు ఇరుప్రక్కల తీగెను బిగించివేయక, కొంత మేర స్వేచ్ఛగా ఉయ్యాలవలె వదలవలెను. ఆ మేర ఎంత యనునదే ప్రశ్న. మడత యంతయు 10 సెం.మీ. తీగెలో ఇమిడినచో వంపు వ్యాసార్ధము సుమారు 3 సెం.మీ. అగును, 30 సెం.మీ. మేర పంచుకొన్నచో 9 సెం.మీ. దాటును.

ఈ రెండు వంపులకు గల భేదము తీగెను తెగగోసి చూచిన తేటపడును. బ్రేకు వైరు ఒంటితీగె కాదు, 1.5 మి.మీ. లావు గల ఆ వైరులో తఱచు 19 పోగులు పేనబడియుండును, ఒక్కొక్క పోగు 0.3 మి.మీ. ఉండును. 3 సెం.మీ. వంపులో ఒంటితీగె అయినచో దాని వెలుపలి అంచు నూటికి రెండుపాళ్లకు మించి సాగవలెను. అంత సాగిన ఉక్కు మరల తన రూపమునకు రాదు. సన్నని పోగులు ఒకదానిపై నొకటి జారుచు, నూటికి అరపాలుతో గట్టెక్కును. అయినను ప్రతిదినమును మడచుచు విప్పుచు నుండగా ఆ అరపాలే పోగులను ఒక్కొక్కటిగా తెంపును. వంపును మూడురెట్లు విశాలము చేసినచో ఆ శ్రమ మూడవవంతునకు తగ్గును.

సైకిలును మడచియుంచినప్పటి మాట ఇది. తొక్కునప్పుడు తీగెను శాసించునది వేఱొక నియమము. గోదావరి రేవులో పడవవాడు తాడును గుంజకు రెండు మూడు చుట్లు త్రిప్పి, నిండు పడవను ఒంటిచేత నిలుపుట చూచినవారికి అది తెలిసినదే. ఆయిలర్ అను గణితవేత్త దానిని సూత్రముగా వ్రాసెను. తాడు ఎంత కోణము తిరిగినదన్నదే రాపిడిని నిర్ణయించును గాని, గుంజ లావా సన్నమా అన్నది కాదు. ఈ మాట విన్న తొలిసారి నాకు నమ్మకము కుదురలేదు. వంపు వెడల్పుగా నుండిన తీగె సుళువుగా జారునని మన మనస్సు చెప్పును. గణితము మాత్రము మొత్తము కోణమునే లెక్కించుమనును. ఘర్షణ గుణకము 0.1 అనుకొన్నచో, 90 డిగ్రీలు తిరిగిన తీగెలో చేతి బలము నూటికి 15 వంతులు, 180 డిగ్రీలలో 27, నిండు చుట్టు తిరిగినచో 47 వంతులు దారిలోనే హరించును. కాబట్టి తొక్కు స్థితియందు తీగెకు మలుపులు తక్కువగా నుండవలెను. మడచిన స్థితియందు బ్రేకు పట్టువారుండరు గనుక, ఎన్ని మలుపులు తిరిగినను దోషము లేదు, వంపు మాత్రము ఇఱుకు కారాదు.

గేరు తీగె స్వభావము వేఱు. బ్రేకు తొడుగులో ఉక్కుపట్టీ సర్పిలముగా చుట్టబడియుండును. మీటను నిర్ణీతమైన మెట్లలో నిలిపి గేరు మార్చు పద్ధతిలో అట్టి చుట్ట నొక్కుడుకు కొంచెము తగ్గినను, వంగినప్పుడు కొంచెము మారినను గేరు తప్పును. అందుచే గేరు తొడుగులో తీగెలు నిలువున సమాంతరముగా నుండును. వానిని బ్రేకునకు వాడరాదు. గట్టిగా పట్టినప్పటి నొక్కుడుకు ఆ నిలువుతీగెలు ప్లాస్టిక్కును చీల్చుకొని వెలికి రాగలవు. పూర్వము నాటింగ్‌హామ్‌కు చెందిన స్టర్మీ-ఆర్చర్ వారి పాత మూడు గేర్ల చక్రనాభిలో రెండవ, మూడవ గేర్ల నడుమ ఏ గేరును పట్టని తావొకటి కలదు. తీగె సవరణ కొంచెము తప్పినను పెడలు ఉన్నట్టుండి శూన్యములో తిరుగును. లేచి నిలబడి తొక్కువానికి అది ప్రమాదకరము.

ఒకమాఱు నేను నా మడత సైకిలునకు వెనుక బ్రేకు వైరును స్వయముగా మార్చితిని. పాత తొడుగు అనవసరముగా వ్రేలాడుచున్నదని తలచి, క్రొత్తదానిని నాలుగు వ్రేళ్ల మేర కుఱుచగా కోసితిని. తొక్కినప్పుడు బ్రేకు మునుపటికంటె మృదువుగా పట్టినది. సాయంకాలము మడచునప్పుడు తుదిలో రెండంగుళములు మూయబడలేదు, బలవంతముగా నొక్కితిని. తొడుగు కొన తన ఆనుడు గిన్నెనుండి బయటికి వచ్చి, గిన్నె అంచుపై ఏటవాలుగా నిలిచినది. మరునాడు హ్యాండిలు పట్టినంతనే బ్రేకు మీట వ్రేళ్ల క్రింద మెత్తగా లొంగిపోయినది; చూడగా వైరులో మూడు పోగులు తెగి, వెండ్రుకలవలె లేచియున్నవి.

నాటినుండి నేను తొడుగును కోయుటకు ముందు దానిని సైకిలుపై దారముతో వదులుగా కట్టి, నెమ్మదిగా మడచుచు చూతును. పూర్తిగా విప్పినప్పుడు, పూర్తిగా మడచినప్పుడు మాత్రమే చూచిన చాలదు. నడుమ నొకచోట తీగె అన్నిటికంటె బిగియును, మఱియొకచోట ఉబ్బి కీలు దవడల నడుమకు జారజూచును. హ్యాండిలును కుడికి, ఎడమకు చివరంట త్రిప్పి, స్తంభము వాలునప్పుడు తీగెలు ఒకదాని క్రింద నొకటి చిక్కకుండ ఏది వెలుపల నుండవలెనో గుర్తు పెట్టుకొని, అటుపిమ్మట కత్తెర పట్టుదును. కోసిన కొనలో ఉక్కుచుట్ట అంచు లోనికి వంగియుండును; దానిని ఆకురాతితో చదునుచేసి, సూదితో లోపలి రంధ్రమును గుండ్రముగా తెఱచి, టోపీ తొడిగి, వైరునకు కొంచెము గ్రీజు పూసి దూర్చినచో, వైరు తొడుగులో చప్పుడు లేక జారిపోవును.