బోధనకూ కావాలి 'భూసార పరీక్ష'
సహోపాధ్యాయుల సూచనలు, ఆత్మపరిశీలనే వృత్తి వికాసానికి సోపానాలు

గుంటూరు: నల్లరేగడి చేలో పత్తి ఆకు ఎర్రబారితే రైతు కారణం వెదుకుతాడు. మట్టిని పరీక్షకు పంపుతాడు. పక్క చేను రైతును సలహా అడుగుతాడు. తరగతి గదికీ ఇదే పద్ధతి వర్తిస్తుంది. చెప్పిన పాఠం ఎందరికి అందింది, అందనివారికి ఎక్కడ ఆటంకం కలిగింది అని ఉపాధ్యాయుడు తనను తాను ప్రశ్నించుకోవడమే ఆత్మపరిశీలన. విద్యార్థులు, సహోపాధ్యాయులు, పర్యవేక్షకులు తెలిపే అభిప్రాయాలు అందుకు ఆధారమవుతాయి. అనుభవాన్ని ఆలోచనతో పరిశీలించినప్పుడే అభ్యసనం సాగుతుందని అమెరికా తత్త్వవేత్త జాన్ డ్యూయీ ప్రతిపాదించారు. వృత్తి నిపుణులు పని చేస్తూనే ఆలోచించే తీరును డొనాల్డ్ షాన్ 1983లో వెలువరించిన గ్రంథంలో వివరించారు.

కోతల కాలంలో అసలు పరీక్ష

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఈ అంశానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. పత్తితీతలు, మిరప కోతలు మొదలైతే బడుల్లో హాజరు పలుచబడుతుంది. కర్నూలు ప్రాంతం నుంచి, ప్రకాశం పశ్చిమ మండలాల నుంచి కూలి కుటుంబాలు కోతలకు తరలివస్తాయి. పిల్లల చదువు ఆగకుండా వలస గ్రామాల్లో సీజనల్ వసతి గృహాలు నిర్వహించిన సందర్భాలున్నాయి. అయినా కొన్ని వారాల పాఠాలు కోల్పోయి తిరిగివచ్చిన చిన్నారికి తరువాతి పాఠం అర్థం కాదు. ఆ లోటును సకాలంలో గుర్తించకుంటే ఆ విద్యార్థి క్రమంగా బడికే దూరమయ్యే ప్రమాదముంది.

మార్కులు చెప్పనిది

ఒక ఉదాహరణ చూద్దాం. 52 నుంచి 38 తీసివేయమంటే కొందరు పిల్లలు 26 అని రాస్తారు. సరైన జవాబు 14. తప్పు రాసినవారిని 'వెనుకబడినవారు' అని పక్కన పెడితే ప్రయోజనం శూన్యం. జవాబును పరిశీలిస్తే విషయం తేటతెల్లమవుతుంది. పిల్లవాడు ప్రతి స్థానంలోనూ పెద్ద అంకె నుంచి చిన్న అంకెను తీసివేశాడు. పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవాలన్న సంగతి అతనికి అందలేదు. పది మంది ఇదే తప్పు చేస్తే సవరించుకోవలసింది బోధనా పద్ధతినే. పుల్లల కట్టలతో ఆ పాఠాన్ని మళ్లీ చెప్పి, మరునాడు అటువంటి లెక్కే ఇచ్చి చూడాలి.

నివేదిక ఒక్కటే చాలదు

అయితే సమాచారం చేతికి అందినంతనే మార్పు రాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005-06 విద్యా సంవత్సరంలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నిర్వహించిన అధ్యయనం ఇందుకు నిదర్శనం. గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో పిల్లలకు పరీక్షలు పెట్టి, ఎవరు ఏ అంశంలో వెనుకబడ్డారో ఉపాధ్యాయులకు వివరమైన నివేదికలు అందజేశారు. పరిశీలకులు తరగతిలో ఉన్నప్పుడు ఆ ఉపాధ్యాయులు మరింత శ్రద్ధగా బోధించారు. కానీ ఏడాది చివర ఆ పిల్లల ఫలితాలు ఇతర పాఠశాలల కంటే మెరుగుపడలేదు. ఈ ఫలితాలు 2010లో ప్రచురితమయ్యాయి. భూసార పరీక్ష పత్రాన్ని చూరులో దోపితే పైరు ఎదగదు కదా! నివేదికను చదివి, ఏం మార్చాలో తోటివారితో చర్చించి, ఆచరణలో పెట్టే ప్రేరణ ఉండాలి.

వేదికలు ఉన్నాయి

ఇందుకు మనకు పునాది లేకపోలేదు. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో 1980లలో ప్రారంభమై 1990లలో విస్తరించిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం ఉపాధ్యాయ కేంద్రాలను నెలకొల్పింది. ఉపాధ్యాయులు అక్కడ కలుసుకుని కృత్యాలు రూపొందించుకునేవారు. 1986 జాతీయ విద్యా విధానం ఫలితంగా జిల్లా విద్యా శిక్షణ సంస్థలు ఏర్పడ్డాయి. ఉమ్మడి గుంటూరు జిల్లాకు బోయపాలెంలోను, ప్రకాశానికి మైనంపాడులోను ఇవి వెలిశాయి. కొఠారి కమిషన్ (1964-66) సూచించిన పాఠశాల సముదాయాల ఆలోచనే నేటి కాంప్లెక్స్ సమావేశాలకు మూలం. ప్రతి ఉపాధ్యాయుడూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి వికాస శిక్షణ పొందాలని 2020 జాతీయ విద్యా విధానం నిర్దేశించింది.

ఆచరణ ఇలా

* పాఠం ముగిశాక ఐదు నిమిషాలు కేటాయించి, సాఫల్యం, లోపం ఒక్కొక్కటి డైరీలో రాసుకోవాలి.
* వారానికోసారి పిల్లల చేత పేరు లేని చీటీలపై 'అర్థం కానిది' రాయించాలి.
* సహోపాధ్యాయుని తరగతికి ఆహ్వానించి, ఒకే అంశం గమనించమని కోరాలి. వెనుక బల్లలవారిని ఎన్నిసార్లు ప్రశ్నించారో లెక్కించమనడం ఇందుకు ఉదాహరణ.
* గైర్హాజరైనవారు కోల్పోయిన పాఠాల జాబితాను విడిగా ఉంచుకోవాలి.
* కాంప్లెక్స్ సమావేశానికి ఒక పరిష్కారం కాని సమస్యను తీసుకువెళ్లాలి.

ఏకోపాధ్యాయ పాఠశాలల్లో తరగతి చూసే తోడు దొరకదు. అక్కడ కాంప్లెక్స్ సమావేశమే దిక్కు. దానిని ఉత్తర్వులు చదివే తంతుగా ముగించకుండా బోధనపై చర్చకు వినియోగించే బాధ్యత ప్రధానోపాధ్యాయులది. పరిశీలకుల వ్యాఖ్యలు శిక్షకు ఆధారం కాబోవన్న భరోసాను అధికారులు కల్పించాలి. భయం ఉన్నచోట ఉపాధ్యాయుడు లోపాన్ని దాచుకుంటాడు. నష్టం మాత్రం కోతల నుంచి తిరిగివచ్చి చివరి వరుసలో మౌనంగా కూర్చున్న విద్యార్థికే.