వేసవి ఫోటోలు: ఎండా, మబ్బూ, ఊళ్లూ

పిల్లల పరీక్షలు అయిపోగానే ప్రతి ఇంట్లోనూ మూడు మాటలు మొదలవుతాయి. ఎండలెలా ఉన్నాయి, ఆవకాయకి కాయ దొరికిందా, ఈసారి ఎక్కడికి వెళుతున్నారు? ఇదివరకు వీటికి జవాబు ఇన్‌లాండు కవరులో రాసేవాళ్లం. ఇప్పుడు ఒక ఫోటో తీసి పంపేస్తున్నాం. డల్లాసులో ఉన్న అమ్మాయికి విజయవాడ ఎండ వెళుతుంది, విశాఖలో ఉన్న వదినగారికి హైదరాబాదు వడగళ్లు వెళతాయి. పైసా ఖర్చు లేదు. కాని ఖర్చు లేదు గదా అని తీసిన ఫోటోల్లో సగం వచ్చే ఏడాది చూస్తే అది ఏ ఊరో, ఏ నెలో చెప్పడం కష్టం. ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది, మన మొహాలేమో నల్లగా ఉంటాయి. అలా ఎందుకవుతుందో కొంచెం తెలుసుకుంటే మంచిది.

మన తెలుగునాడు కర్కాటక రేఖకి దక్షిణంగా ఉంది. అంచేత సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. హైదరాబాదులో మే 9వ తేదీ ప్రాంతంలో మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకి కొంచెం అటూఇటూగా ఒకసారి, ఆగస్టు మొదటివారంలో మరోసారి ఇది జరుగుతుంది. మే నెలలో అయితే విజయవాడలో రెండు మూడు రోజులు ముందు, విశాఖలో ఒకటి రెండు రోజులు వెనక. ఆ రోజున మేడ మీద ఒక పౌడరు డబ్బా నిటారుగా నిలబెట్టి చూడండి, నీడ పక్కకి పడదు. పిల్లలకి చూపించి ఫోటో తీసి పెట్టుకోదగ్గ వింత ఇది. పావుగంట ముందొకటి, ఆ క్షణానొకటి, పావుగంట తరువాత ఒకటి తీస్తే వాళ్లకే అర్థమవుతుంది.

డబ్బాకి నీడ లేకపోతే వింత. మన మొహానికి మాత్రం అదే వేళ చేటు. నెత్తి మీది ఎండకి కనుబొమల నీడ కళ్లమీద పడుతుంది, ముక్కునీడ పెదవిమీద పడుతుంది. ఎంత చక్కని పిల్లయినా జాగరణ చేసినట్టు కనపడుతుంది. మధ్యాహ్నం తీయక తప్పనప్పుడు వరండా అంచునో, వేపచెట్టు నీడలోనో నిలబెట్టి, మొహం వెలుతురువైపు తిప్పమనండి. ఫోను తెరమీద మొహం దగ్గర ఒకసారి వేలు పెడితే వెలుతురు దానంతటదే సర్దుకుంటుంది. ఇది చాలామంది ఫోను కొన్న నాలుగేళ్లకి గాని కనిపెట్టరు!

పొద్దున్న ఏడున్నర లోపల, సాయంత్రం అయిదు దాటాక వెలుతురు మెత్తగా, పసుపుగా ఉంటుంది. సూర్యుడు కిందికి ఉన్నప్పుడు కిరణాలు ఎక్కువ గాలిని దాటుకుని రావాలి. దారిలో నీలం రంగు చెదిరిపోయి పసుపు, ఎరుపు మన దాకా చేరతాయి. మరి మే నెల ఆకాశం నీలంగా కాక తెల్లగా ఎందుకుంటుందీ అంటే, గాలిలో దుమ్మూ తేమా ఎక్కువై అన్ని రంగుల్నీ ఒకేలా చెదరగొట్టడం వల్ల. ఒక్క వాన పడి ఆ దుమ్ము కడుక్కుపోతే మర్నాడు పొద్దున్న ఆకాశం నీలంగా తేరుతుంది, ముందురోజు కనబడని దూరపు కొండలు బయటపడతాయి. దృశ్యాల ఫోటోలకి వేసవిలో ఆ పొద్దుటిపూటని మించినది లేదు. వంట ఒక గంట ఆలస్యమైనా ఫరవాలేదు.

విశాఖ వెళ్లేవాళ్లకి ఒక మాట. మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు గాని సముద్రంలో అస్తమించడు. గోవా వెళ్లొచ్చినవాళ్ల ఫోటోలు చూసి, రామకృష్ణా బీచిలో సాయంత్రం కూర్చుని సముద్రంలో సూర్యాస్తమయం కోసం ఎదురుచూస్తే లాభం లేదు. సూర్యబింబం కావాలంటే తెల్లవారుజామునే వెళ్లాలి. సాయంత్రమైతే సముద్రాన్ని వీపు వెనక పెట్టుకుని నిలబడండి. పడమటి ఎండ ఊరివైపు నుంచి వచ్చి మొహం మీద పడుతుంది, వెనక నీళ్లు నీలంగా వస్తాయి. అలల్లోకి మాత్రం వెనక్కి నడవకండి.

అరకు సముద్రమట్టానికి సుమారు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉంది. కిలోమీటరు ఎత్తు ఎక్కితే వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కనుక విశాఖకీ అరకుకీ అంత తేడా. రైలు అద్దంలోంచి తీసేటప్పుడు ఫోనుని అద్దానికి ఆనించి పట్టుకుంటే మన చీర అంచు, లోపలి దీపాలు అద్దంలో పడవు. దారి పొడుగునా సొరంగాలున్నాయి. తలుపు దగ్గర వేలాడుతూ ఫోటోలు తీసే కుర్రాళ్లని మొహమాటం లేకుండా లోపలికి లాగండి.

ఇక మబ్బులు. వడియాలు ఎత్తడానికి మేడ ఎక్కినప్పుడు ఆకాశం వంక చూడండి. ఏప్రిల్, మే నెలల్లో నేల బాగా కాగి, బంగాళాఖాతం నుంచి తేమ వచ్చిన రోజున మధ్యాహ్నానికి కాలీఫ్లవరు పువ్వులాంటి మబ్బులు లేస్తాయి. మూడు గంటలయ్యేసరికి వాటిలో ఒకటి బలిసి, పైన కమ్మరి దాగలిలా చదునుగా విచ్చుకుంటుంది. అది పన్నెండు, పదమూడు కిలోమీటర్లదాకా లేస్తుంది, అంటే ఎవరెస్టుని కూడా దాటిపోతుంది. ఆ ఎత్తుకి వెళ్లేసరికి పైకి పోయినకొద్దీ చల్లబడడం ఆగిపోతుంది. మబ్బుకి ఇంక పైకి దారిలేక పక్కలకి పరుచుకుంటుంది. ఈ మబ్బు దూరంగా ఉన్నప్పుడే ఫోటోకి అందం. నెత్తిమీదికి వచ్చాక నల్లటి అడుగుభాగం తప్ప ఏమీ కనపడదు. పైగా అప్పుడు మేడ మీద ఉండకూడదు.

ఇది మాట వరసకి చెప్పడం లేదు. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే పదమూడు గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ అధికారులు లెక్క చెప్పారు. ఆ రోజు ప్రాణాలు కూడా పోయాయి. మెరుపు కనపడగానే లెక్కపెట్టండి. ఉరుము వినపడేసరికి మూడు సెకన్లయితే పిడుగు కిలోమీటరు దూరంలో ఉంది. ముప్ఫై లోపల వినపడిందంటే పది కిలోమీటర్ల లోపల ఉన్నట్టే. పిడుగుకి అదేమంత దూరం కాదు. బట్టలైనా సరే, వడియాలైనా సరే, వదిలేసి లోపలికి రండి. చివరి ఉరుము వినపడి అరగంట అయ్యేదాకా మళ్లీ పైకి వెళ్లకండి. మెరుపు ఫోటో కావాలన్న అబ్బాయిని తలుపు వేసిన గదిలో, కిటికీ అద్దం వెనక నుంచి తీసుకోమనండి. వడగళ్లు పడితే అన్నీ ఆగాక ఏరి, పక్కన రూపాయి బిళ్ల పెట్టి తీయండి. బిళ్ల లేకపోతే అవి గోలీలంతో, గుమ్మడికాయలంతో ఫోటో చూసినవాళ్లకేం తెలుస్తుంది?

వేసవిలో అందరికన్నా ఎక్కువగా తిరిగేది మాత్రం డిగ్రీల ఫోటో. కారులో 50 అని చూపిస్తోంది చూడండి, అని ఒకరు పంపుతారు, దాన్ని పదిమంది పదిమందికి పంపుతారు. వాతావరణ శాఖవారు చెప్పేది నీడలోని గాలి వేడి. నేలకి మనిషి ఛాతీ ఎత్తున, తెల్లరంగు వేసిన జాలీ పెట్టెలో ఉష్ణమాపకం పెట్టి కొలుస్తారు. ఎండలో నిలబెట్టిన కారు తన బంపరు వేడినీ, తారురోడ్డు సెగనీ కలిపి చెపుతుంది. పరికరం సరైన చోట ఉన్నా పొరపాటు రావచ్చు. 2024 మే 29న ఢిల్లీలోని ముంగేష్‌పూర్ కేంద్రంలో 52.9 డిగ్రీలని వచ్చి దేశమంతా హడలిపోయింది. తరువాత పరీక్షిస్తే ఆ పరికరం మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని తేలింది. 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోదీలో 51.0 డిగ్రీలు నమోదయ్యాయి.

అలాగని అంకె చిన్నదైతే భయం లేదనుకోకండి. మైదానాల్లో 40 డిగ్రీలు దాటితేగాని వడగాలుల లెక్కకి తీసుకోరు, అదే సముద్రతీరంలో 37కే తీసుకుంటారు. మన ఒంటిని చల్లబరిచేది చెమట కాదు, చెమట ఆరడం. విశాఖ ఉక్కలో అది ఆరదు. అంచేత అక్కడున్న మామగారికి, "మీకు 37 డిగ్రీలేగా, మా హైదరాబాదులో 42" అని ఫోటో పంపి ధైర్యం చెప్పడం కన్న, మజ్జిగ తాగుతున్నారా, మధ్యాహ్నం బయటికి వెళ్లడం లేదు కదా అని అడగడం మేలు.

హైదరాబాదులో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ గారి ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్. ఆయన 1892లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిచారు, అందులో ఫోటోలు తీసింది కూడా ఒక ఇంగ్లీషు స్త్రీయే. ఆనాడు ఫోటో దిగడానికే అంత ఏర్పాటు కావలసి వచ్చింది! 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఊరెలా ఉందో ఇవాళ మనకి కళ్లకి కట్టినట్టు తెలియడం కూడా ఆనాటి ఫోటోల చలవే. ఆ వరద తరువాత కట్టినదే మన గండిపేట చెరువు, 1920లో పూర్తయింది. ప్రతి మే నెలలోనూ ఒకే చోట నిలబడి ఆ చెరువుదో, మీ వీధి చివర చెట్టుదో, ప్రకాశం బ్యారేజి దగ్గర కృష్ణదో ఒక్క ఫోటో తీసి పెట్టండి. అయిదేళ్లకి నీటి అంచు ఎక్కడినుంచి ఎక్కడికి జరిగిందో మీరే చెప్పగలుగుతారు.

దానికి తేదీ కావాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో చిన్నదైపోవడమే కాక, తీసిన తేదీ, చోటు వివరాలు అందులోంచి రాలిపోతాయి. పూర్తి ఫోటో అందాలంటే డాక్యుమెంటుగా పంపాలి. లేదా కింద ఒక్క ముక్క రాయండి, "గండిపేట, మే 12, పొద్దున్న ఏడు" అని. దగ్గరివాళ్లకి ఇలా పంపడంలో తప్పులేదు గాని, అందరూ చూసేచోట "ఇంటిల్లిపాదీ అరకులో ఉన్నాం" అని పెట్టడమంటే తాళం వేసిన ఇంటి తలుపుకి చీటీ అంటించడమే. ఆ ఫోటోలు తిరిగివచ్చాక పెట్టుకోవచ్చు.

ఫోనులు చాలావరకు 35 డిగ్రీల లోపల వాడమని తయారుచేసినవే. ఎండలో కాగి ఆగిపోతే నీడన పెట్టి, కవరు తీసి వదిలేయండి. ఫ్రిజ్‌లో పెట్టారో, లోపల తేమ పట్టి అసలుకే మోసం వస్తుంది. ఏడాదికి ఇరవై ఫోటోలైనా కాగితం మీద వేయించండి. జిగురు పేజీల ఆల్బములు కొన్నాళ్లకి ఫోటోని పట్టుకుని వదలవు, మూలలు దోపే రకం తీసుకోండి. వెనక ఊరూ తేదీ రాయడానికి బాల్‌పెన్ను వద్దు, నొక్కు ముందువైపుకి దిగుతుంది. మెత్తటి పెన్సిలు చాలు. ఇప్పటి నున్నటి కాగితం మీద పెన్సిలు పడకపోతే, ఫోటో పక్కనే చిన్న చీటీ దోపండి.