మిస్సింగ్ ఏ సిలిండర్‌లో?

చెన్నై వ్యాసర్పాడి మీదుగా సాగే ఎరుక్కంచేరి హైరోడ్డు పాత జి.ఎన్.టి. (గ్రాండ్ నార్తర్న్ ట్రంక్) రోడ్డులో భాగం. మద్రాసు హార్బర్‌లో సరుకు ఎత్తిన లారీలు మూలకడై, రెడ్‌హిల్స్ దాటి తడ, సూళ్లూరుపేట, గూడూరు మీదుగా నెల్లూరు చేరడానికి ఏళ్ల తరబడి వాడిన దారి ఇది. పాత లేలాండ్‌లు, టాటా 1613లు ఇంకా సొంత బండి నడుపుకునే డ్రైవర్ల చేతుల్లో ఉన్నాయి. అలాంటి బండి మిస్సింగ్ కొట్టడం మొదలెడితే, అంటే సిలిండర్‌లో డీజిల్ మండక ఇంజిన్ తడబడితే, ముందుగా డీజిల్ ఇంజెక్షన్ పంపు మీదే అనుమానం పోతుంది. విప్పి కాలిబ్రేషన్‌కు పంపేస్తారు. నా దృష్టిలో అది ఆఖరున చేయాల్సిన పని. ఖర్చు ఒక ఎత్తు, పంపు తిరిగొచ్చేదాకా బండి కదలకపోవడం ఇంకో ఎత్తు. కిస్తీ తేదీ మాత్రం ఆగదు. పంపు మీద చెయ్యి వేయకముందే తేలాల్సిన సంగతి ఒకటుంది: ఏ సిలిండర్ కొట్టడం లేదు? ఎప్పుడూ అదేనా, మారుతోందా?

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. పిస్టన్ గాలిని పదహారో, పదిహేడో వంతుకు నొక్కేస్తుంది. ఆ నొక్కుడుకే గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణాన నాజిల్ డీజిల్‌ను మంచులా చిమ్మితే అది దానంతటదే మండుతుంది. అంటే కావలసినవి మూడు: చాలినంత నొక్కుడు, సమయానికి డీజిల్, అది సన్నగా చిమ్మడం. వీటిలో ఏది తప్పినా ఆ సిలిండర్ ఊరికే తిరుగుతుంది.

ఆరు సిలిండర్ల ఇంజిన్ ఐడ్లింగ్‌లో నిమిషానికి 600 చుట్లు తిరుగుతోందనుకోండి. రెండు చుట్లకు ఒకసారి చొప్పున ఒక్కో సిలిండర్ సెకనుకు ఐదుసార్లు కొడుతుంది, మొత్తం ముప్పై దెబ్బలు. ఒకటి చచ్చుబడితే ఇరవై ఐదే మిగులుతాయి. క్యాబిన్‌లో స్టీరింగ్ పట్టుకున్న చేతికి తగిలే ఆ క్రమమైన కుదుపు ఆ లేని ఐదు దెబ్బలదే. కుదుపు ఒకే తాళంలో ఉంటే తప్పు ఒకే సిలిండర్‌లో ఉందని అర్థం. ఒకసారి వచ్చి, ఒకసారి పోయి, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజిన్ అంతా తడబడుతుంటే తప్పు చాలాసార్లు అన్నిటికీ డీజిల్ అందించే దారిలో ఉంటుంది: ట్యాంకు, ఫిల్టర్, పైపులు.

చెన్నైలో ఈ రెండో రకాన్ని, ముఖ్యంగా వానాకాలంలో, అసలు తేలిగ్గా తీసుకోకూడదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. వ్యాసర్పాడి గణేశపురం సబ్‌వేలో నీళ్లు నిలవడం ఇక్కడివాళ్లకు కొత్త కాదు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటకముందు చెన్నైని ముంచెత్తింది. అలాంటి రోజుల్లో నీళ్లలో నడిచిన బండి ట్యాంకులోకి మూత దగ్గరో, గాలి గొట్టం దగ్గరో నీరు చేరవచ్చు. సగం ఖాళీ ట్యాంకుతో రాత్రంతా నిలిపినా లోపలి తేమ చెమ్మపట్టి అడుగున చేరుతుంది. డీజిల్ కన్నా నీరు బరువు. కాబట్టి ఉదయం స్టార్ట్ చేయకముందే ఫిల్టర్ కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి ఒక గాజు సీసాలోకి పట్టి చూడండి. నీరు ఉంటే అడుగున వేరుగా కనిపిస్తుంది. ఇంతకన్నా చవకైన పరీక్ష లేదు.

డీజిల్ పైపుల్లో చేరే గాలి సంగతి కొంచెం మాయగా ఉంటుంది. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య పైపు బీటలు వారితే డీజిల్ బయటికి కారకపోవచ్చు, ఇంజిన్ నడిచేటప్పుడు గాలే లోపలికి పోతుంది. కింద చుక్క పడలేదు కదా అని చాలామంది ఆ పైపును చూడరు. ఫిల్టర్ బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి చేతిపంపు కొడితే బుడగలు తగ్గి చివరికి ఆగిపోవాలి. ఎంత కొట్టినా ఆగకపోతే, లేదా ఆగి మర్నాటికి మళ్లీ వస్తే, పైపులు, వాషర్లు వెతకాల్సిందే.

డీజిల్ శుభ్రం, గాలి లేదు, అయినా కుదుపు అదే తాళంలో ఉంటే అప్పుడు స్పానర్ తీయాలి. పాత బండ్ల మీద ఎక్కువగా కనిపించే మైకో కంపెనీ ఇన్‌లైన్ పంపులో సిలిండర్‌కు ఒకటి చొప్పున విడి ఎలిమెంట్ ఉంటుంది. అందుకే ఒక నాజిల్ దగ్గర పైపు నట్టు అర చుట్టు వదులు చేస్తే ఆ ఒక్క సిలిండర్‌కే డీజిల్ ఆగుతుంది. ఐడ్లింగ్‌లో ఫ్యాన్ వైపు ఒకటో నంబరు నుంచి వరసగా ఒక్కొక్కటి వదులు చేసి, మళ్లీ బిగిస్తూ పోండి. వదులు చేయగానే ఇంజిన్ ఇంకా కుంటితే అది మంచి సిలిండర్. ఏ తేడా రాకపోతే దొంగ అదే.

జాగ్రత్త మాత్రం తప్పదు. ఈ పైపుల్లో ఒత్తిడి వందల బార్లలో ఉంటుంది. సన్నటి చిమ్ము చర్మంలోకి దూరితే పైకి సూది గుచ్చినట్టే కనిపిస్తుంది, లోపల కండ కుళ్లుతుంది. నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కళ్లద్దాలు పెట్టుకుని, నట్టు చుట్టూ గుడ్డ చుట్టి, వేళ్లు దూరంగా ఉంచి చేయండి. కామన్ రైల్ ఉన్న బండ్లలో, అంటే బి.ఎస్-4, బి.ఎస్-6 లారీల్లో చాలావాటిలో, ఈ పని చేయనే కూడదు. అక్కడ ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది. ఆ బండికి స్కానరే దారి.

దొంగ నాలుగో సిలిండర్ అని తేలిందనుకుందాం. దాని ఇంజెక్టర్‌ను ఐదోదానితో మార్చి మళ్లీ అదే పరీక్ష చేయండి. బిగించేటప్పుడు కింద కొత్త రాగి వాషర్ వేయాలి. తప్పు ఐదుకు వెళ్తే నాజిల్‌దే నేరం. నాలుగులోనే ఉంటే ట్యాపెట్ గ్యాప్ ఫీలర్ గేజ్‌తో చూడాలి. వాల్వు పూర్తిగా మూసుకోకపోతే నొక్కుడు నిలవదు. గ్యాప్ ఎంతన్నది ఆ ఇంజిన్ మాన్యువల్ చెప్పిందే, పక్క బండిది కాదు. ఆ తర్వాత కంప్రెషన్ గేజ్. నీళ్లలో నడిచిన బండికి ఇది తప్పనిసరి. ఇంజిన్ గాలి పీల్చే గొట్టం గుండా సిలిండర్‌లోకి నీరు పోతే పిస్టన్ దాన్ని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బండి తర్వాత నడిచినా ఆ సిలిండర్‌లో నొక్కుడు తగ్గిపోయి ఉంటుంది.

పొగ కూడా కొంత చెప్తుంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లగా వస్తే మండని డీజిల్, లేదా హెడ్ గాస్కెట్ నుంచి నీరు. నలుపైతే గాలి తక్కువ, లేదా నాజిల్ కారుతోంది. నీలమైతే ఇంజిన్ ఆయిల్ మండుతోంది.

నాజిల్ మంచిదే, ట్యాపెట్ సరిగానే ఉంది, కంప్రెషన్ మిగతావాటితో సమానం, అయినా నాలుగు కొట్టడం లేదంటే ఇక మిగిలింది పంపే. అందులోనూ నాలుగో డెలివరీ వాల్వో, ఎలిమెంటో. పంపు దించేముందు టైమింగ్ గుర్తులు చూసి పెట్టుకోండి. షాపులో ‘నాలుగు కొట్టడం లేదు, మిగతా ఐదూ బాగున్నాయి’ అని చీటీ రాసి పంపుతోపాటు ఇవ్వండి. మార్చిన పాత భాగాలు తిరిగి అడిగి తీసుకోండి.