ఊరు వదిలాక పుట్టే ఇంటిపేరు

కావలి ఊరిపేరే కాదు, ఇంటిపేరు కూడా. ఆ పేరుతో చరిత్రకెక్కిన కుటుంబం మాత్రం కావలిలో లేదు, ఏలూరులో ఉండేది. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కర్నల్ కాలిన్ మెకంజీ కొలువులో చేరి శాసనాలు చదివిన కావలి వెంకట బొర్రయ్య (1776–1803), ఆయన తరువాత ఆ పని నెత్తికెత్తుకున్న తమ్ముడు లక్ష్మయ్య ఆ ఇంటివారే. మరో సోదరుడు రామస్వామి 1829లో దక్కను కవుల చరిత్రలను ఇంగ్లీషులో అచ్చువేయించాడు.

ఎక్కడి కావలి, ఎక్కడి ఏలూరు! అయినా ఇంటిపేర్ల లెక్కలో ఇది వింత కాదు. కావలిలో ఉన్నవాణ్ణి 'కావలివాడు' అని ఎవరూ పిలవరు. అక్కడ అందరూ కావలివాళ్లే. పొరుగుసీమలో ఇల్లు కట్టుకున్నాకే ఆ పిలుపు మొదలవుతుంది. కావలికి చేరువలోని కందుకూరు సంగతీ అంతే. కందుకూరి వీరేశలింగం 1848లో పుట్టింది రాజమహేంద్రవరంలో. కందుకూరు ఆయన పూర్వులు వదిలి వచ్చిన ఊరు.

ఊరు ఇంటిపేరుగా మారేటప్పుడు చివర కాస్త అరుగుతుంది. ఇల్లు 'ఇంటి' అయినట్టే ఓరుగల్లు 'ఓరుగంటి' అవుతుంది. కందుకూరు 'కందుకూరి', గన్నవరం 'గన్నవరపు' అవుతాయి. 'ఫలానా ఊరి వాళ్లు' అనే మాటలో 'వాళ్లు' రాలిపోగా మిగిలిన ముక్క ఇది. ఇందులోని ఇ, టి, తి మార్పులనే వ్యాకరణం ఔపవిభక్తికాలు అంటుంది. ఇకారంతో ముగిసే 'కావలి'కి ఈ మార్పు లేదు. చిక్కంతా అక్కడే. చేను కావలి, తోట కావలి అన్నప్పుడు అది కాపలా. 'కరణం' ఇంటిపేరైనట్టే కాపలా పనీ ఇంటిపేరు కావచ్చు. కావలి పట్టణానికే ఆ పేరు ఉదయగిరి రాజుల కాపలా దళాల వల్ల వచ్చిందని స్థానికులు చెప్పుకుంటారు. అంటే ఈ పేరుకు ఊరు ఒక దారి, వృత్తి మరో దారి.

ఇలాంటి చిక్కును తేల్చడానికి జన్యుశాస్త్రం ఒక ఉపాయం చూపింది. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కు వస్తుంది, ఇంటిపేరులాగే. ఇంగ్లండులో 'సైక్స్' అనే ఇంటిపేరుకు వాగు, కాలువ అని అర్థం. వాగులు ఊరూరా ఉంటాయి కనుక ఆ పేరు చాలాచోట్ల విడివిడిగా పుట్టిందనుకునేవారు. ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త బ్రయన్ సైక్స్ తన ఇంటిపేరువాళ్లనే పరీక్షించి 2000లో ఫలితాలు ప్రకటించాడు. సగానికి కాస్త తక్కువ మందిలో ఒకే రకం వై క్రోమోజోము కనిపించింది. మూలపురుషుడు ఒక్కడే అయివుంటాడని తేల్చాడు. మిగతావాళ్లలో తేడా ఎందుకంటే దత్తతలు, వివాహేతర సంతానం వంటివి తరతరాలుగా పోగవుతాయి. మన దగ్గర ఇంత ఖర్చు లేని తొలి పరీక్ష గోత్రం. ఒకే ఇంటిపేరు వేర్వేరు గోత్రాల్లో ఉంటే మూలం ఒక్కటి కాదని అనుమానించాలి.

అసలు కావలి ఇంటిపేరువాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో లెక్కతీయడమే కష్టం. కావలి, కందుకూరి, కొల్లూరి, అన్నీ పొడి అక్షరాల్లో 'కె.'లే. నాటి ఇంగ్లీషు కాగితాల్లో ఏలూరు అన్నదమ్ములు 'కావెలీ'లు. ఆ స్పెల్లింగుతో వెతికితే గానీ దొరకరు.

కాబట్టి కావలి ఇంటిపేరు కోసం కావలిలో తలుపులు తట్టి లాభం తక్కువ. ఊరిపేరు నుంచి వచ్చిన ఇంటిపేరు, ఆ ఊళ్లో ఉండిపోయినవాళ్ల జాబితా కాదు, వెళ్లిపోయినవాళ్ల జాబితా. ఊరూరా తిరిగి ఆ ఊళ్ల చరిత్రలను కైఫియతులుగా రాయించిన ఆ అన్నదమ్ములు, తమ ఇంటి కైఫియతును ఆ మూడక్షరాల్లోనే మోసుకు తిరిగారు.