‘ఒట్టి గ్యాసేలే బావా!’

పొద్దున్నే పరగడుపున గుండెల్లో మంట, ఓకరింపు. ఓ గ్యాస్ బిళ్ళ మింగి ఆటోనగర్‌లో పనికి పోవటం, సాయంత్రం మళ్లీ క్వార్టరు. ఏమైందంటే మా బావ ‘ఒట్టి గ్యాసేలే బావా’ అనేవాడు. ఓ రాత్రి రక్తం కక్కుకుంటే భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాం. బతికి బయటపడ్డాడు. నేను డాక్టర్ని కాదు, పదో తరగతితో బడి మానేసినోణ్ణి. ఆ రాత్రి నుంచి డాక్టర్లని అడిగీ, పుస్తకాలు తిరగేసీ తెలుసుకున్నది చెబుతున్నా.

పొట్టలో ఊరేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. మరి అది పొట్టనే ఎందుకు తినెయ్యదు? లోపలి గోడ మీద జిగురు పొర ఉంటుంది. ఆ జిగురునీ, ఆమ్లాన్ని విరిచే బైకార్బొనేట్‌నీ గోడ మీది కణాలే వదులుతాయి. ఈ కణాలు కొద్దిరోజులకే రాలిపోయి కొత్తవి పుడుతుంటాయి. గోడకి మరమ్మతు ఆగదన్నమాట.

ఘాటు మందు ఆ జిగురుని చెడగొట్టిద్ది. కణానికీ కణానికీ మధ్య అతుకులు వదులైపోతాయి. ఆ సందుల్లోంచి ఆమ్లం గోడలోకి దిగిద్ది. 2024 సెప్టెంబరులో బుడమేరు కట్ట తెగి సింగ్‌నగర్ ఎట్టా మునిగిందో చూశాం గదా! ఒకసారి పడిన గండి పూడిద్ది. రోజూ పోస్తుంటే పూడ్చేందుకు సందేది? వాపు అట్టాగే నిలబడిపోయిద్ది. ఏళ్లు గడిచేకొద్దీ కొందరికి ఆమ్లం తయారుచేసే కణాలే తగ్గిపోతాయి. బి12 విటమిన్ ఒంటబట్టటానికి కావాల్సిన పదార్థం ఇచ్చేదీ ఆ కణాలే.

ఇంకోటుంది. మద్యంలో కొంత పొట్టలోనే ఎసిటాల్డిహైడ్‌గా మారిద్ది. అది కణంలోని డీఎన్‌ఏని దెబ్బతీసిద్ది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ పరిశోధనా విభాగం 1988లోనే మద్యాన్ని కేన్సర్ తెచ్చేవాటి జాబితాలో చేర్చింది.

దీనికితోడు మూటలు మోసేటోళ్లు ఒళ్లునొప్పుల బిళ్ళలు మింగుతారు. డైక్లోఫెనాక్ లాంటివి జిగురు పొర నిలబడకుండా చేస్తాయి. రెండూ కలిస్తే పుండు పడే ముప్పు పెరిగిద్ది. గ్యాస్ బిళ్ళ ఆమ్లాన్ని తగ్గిస్తుంది గానీ, పోసే మందుని ఆపదు. మంట తగ్గింది గదాని జబ్బు పోయిందనుకోవద్దు. దొడ్డికి తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం కనపడినా ఆ పూటే ఆసుపత్రికి పోవాలి. ఏళ్లుగా రోజూ తాగేటోళ్లు ఉన్నపళాన మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. డాక్టరు సాయంతో మానాలి.

తాగినోడిదే తప్పని తేల్చేస్తే సరిపోదు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలెట్టిన పోరాటం 1993లో సారాని ఆపించింది. 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. 2024 అక్టోబరులో 99 రూపాయల క్వార్టరు వచ్చింది. ఖజానా నిండుతోంది, మనోళ్ల పొట్టలు పుండ్లవుతున్నాయి. అమ్మే సర్కారే ప్రతి ప్రభుత్వాసుపత్రిలో మాన్పించే వైద్యం కూడా పెట్టాలని అడుగుదాం. ఈలోగా మీ ఇంట్లో ఎవరన్నా ‘ఒట్టి గ్యాసేలే’ అంటే, నాలాగా ఊరుకోకండి.